డాస్‌బాక్స్‌లో పాత గేమ్‌కి సౌండ్ రాకపోతే, కీస్ మొరాయిస్తే ఏం చూడాలి

డాస్‌బాక్స్ అంటే పాత డాస్ గేమ్స్‌ని ఇప్పటి కంప్యూటర్లో నడిపే ఎమ్యులేటర్, అంటే పాత పీసీని అనుకరించే ప్రోగ్రాం. అందులో గేమ్ ఓపెన్ అవుతుంది, బొమ్మ బాగానే వస్తుంది, కానీ సౌండ్ ఉండదు, లేదంటే బరబరమంటది, లేదంటే బాణం కీస్ నొక్కినా బొమ్మ కదలదు. విజయవాడ, గుంటూరులో నాకు తెలిసిన పాత గేమ్స్ పిచ్చి ఉన్నోళ్లందరూ అడిగేది ఈ మూడే. అడిగేలోపే ఎక్కడో ఏదో చూసి కాన్ఫిగ్ ఫైల్లో, అదే సెట్టింగులు రాసి ఉండే ఫైల్లో, ఓ పది లైన్లు మార్చేసి ఉంటారు, ఇంక అప్పుడు అసలు సమస్య ఏదో, మార్చిన దానివల్ల వచ్చిన సమస్య ఏదో ఎవరికీ అర్థం కాదు. అందుకే నేను చెప్పేది ఒక్కటే, ఏ సెట్టింగూ ముట్టుకోకముందు ఏ సౌండ్ వస్తోంది, ఏది రావట్లేదు, ఏ కీ పని చేస్తోంది, ఏది చెయ్యట్లేదు అన్నది సరిగ్గా గమనించండి. సగం జవాబు అక్కడే దొరికిపోద్ది.

ఇప్పటికే అన్నీ కెలికేసి ఉంటే ముందు మొదటికి రండి. నేను డాస్‌బాక్స్ 0.74-3 గురించి రాస్తున్నా, 2019లో వచ్చింది, ఎక్కువమంది దగ్గర ఉండేది అదే. విండోస్ స్టార్ట్ మెనూలో డాస్‌బాక్స్ ఫోల్డర్లో ఆప్షన్స్ అని ఉంటది, అది నొక్కితే కాన్ఫిగ్ ఫైల్ నోట్‌ప్యాడ్లో తెరుచుకుంటుంది. దాన్ని వేరే పేరుతో కాపీ పెట్టుకుని, పక్కనే ఉండే రీసెట్ ఆప్షన్స్, రీసెట్ కీమ్యాపర్ రెండూ నొక్కేయండి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసినట్టు అయిపోతుంది. లైనక్స్ అయితే హోమ్ ఫోల్డర్లో చుక్కతో మొదలయ్యే డాస్‌బాక్స్ ఫోల్డర్ దాగి ఉంటది, ఫైల్ అందులోనే. ఇక్కణ్ణుంచి ఒకసారికి ఒక్క లైనే మార్చండి, గేమ్ నడిపి చూడండి, తేడా రాకపోతే మళ్లీ పాతదే పెట్టేసి తర్వాతదానికి వెళ్లండి.

సౌండ్ సంగతి అర్థం కావాలంటే ఒక విషయం తెలియాలి. ఆ రోజుల్లో పీసీలో సౌండ్ ఒకే చోటి నుంచి వచ్చేది కాదు. క్యాబినెట్ లోపల బీప్ బీప్‌మనే పీసీ స్పీకర్ ఒకటి, 1987లో వచ్చిన యాడ్‌లిబ్ కార్డు మీద చిప్ వాయించే మ్యూజిక్ ఒకటి, 1989 సౌండ్ బ్లాస్టర్‌తో వచ్చిన రికార్డు చేసిన సౌండ్లు అంటే తుపాకీ పేలుళ్లు, కేకలు, మాటలు ఇంకొకటి. వీటికి తోడు మిడి, అంటే గేమ్ నోట్స్ మాత్రం పంపితే సింథ్ అనేది వాయించే మ్యూజిక్, సీడీ పాటలు కూడా ఉండేవి. డాస్‌బాక్స్ వీటన్నింటినీ వేర్వేరుగానే అనుకరిస్తుంది, కాబట్టి ఒకటి పాడైనా మిగతావి బాగానే ఉండొచ్చు. "సౌండ్ రావట్లేదు" అని కాకుండా "మ్యూజిక్ వస్తోంది, తుపాకీ సౌండ్ రావట్లేదు" అని చెప్పగలిగితే మనం వెతకాల్సింది చాలా తగ్గిపోద్ది.

ముందు తేలికది. డేంజరస్ డేవ్ లాంటి గేమ్స్‌కి, మన దగ్గర కంప్యూటర్ క్లాసుల్లో అందరూ ఆడింది అదే కదా, సౌండ్ కార్డుతో పనే లేదు, అంతా పీసీ స్పీకరే. దాని కోసం సౌండ్ బ్లాస్టర్ సెట్టింగులు ఎంత మార్చినా ప్రయోజనం లేదు. కాన్ఫిగ్‌లో స్పీకర్ సెక్షన్లో పీసీస్పీకర్ ట్రూ అని ఉందో లేదో చూడండి, మిక్సర్ సెక్షన్లో నోసౌండ్ అనేది ఫాల్స్ అని ఉండాలి, అంతే. అవి బాగుండి కూడా రాకపోతే విండోస్‌లో కింద స్పీకర్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి వాల్యూమ్ మిక్సర్ చూడండి, అక్కడ ఒక్కో ప్రోగ్రాంకి విడివిడిగా వాల్యూమ్ ఉంటది, డాస్‌బాక్స్ ఒక్కటే మ్యూట్‌లో ఉండటం చాలాసార్లు చూశా. ప్రిన్స్ ఆఫ్ పర్షియా డాస్ వెర్షన్ అయితే, 1990ది, గేమ్ లోపల కంట్రోల్ ఎస్ నొక్కితే సౌండ్ ఆగిపోద్ది, మళ్లీ నొక్కితే వస్తుంది. పొరపాటున చెయ్యి తగిలి ఉండొచ్చు, ముందు అది చూస్కోండి.

ఇక అందరినీ ఎక్కువ తిప్పలు పెట్టేది ఇది, మ్యూజిక్ వస్తది, ఎఫెక్ట్స్ రావు. మా అక్క కొడుకు గుంటూరు బ్రాడీపేటలో ఉంటాడు, వాడు ఒకరోజు రాత్రి ఫోన్ చేసి "మావయ్యా, పాట బ్రహ్మాండంగా వస్తోంది, తుపాకీ కాలిస్తే మాత్రం చప్పుడు లేదు, స్పీకర్లు పోయినట్టున్నాయి, కొత్తవి కొననా" అన్నాడు. "ఒరేయ్ ఆగు, పాట వస్తుంటే స్పీకర్లు ఎట్టా పోతాయిరా, గేమ్ ఫోల్డర్లో సెటప్ ఉందేమో చూడు, అందులో ఐఆర్‌క్యూ ఎంతుంది" అన్నా. 5 అని ఉంది. డాస్‌బాక్స్‌లో అది 7. సెటప్‌లో 7 చేసి సేవ్ చేశాడు, ఫోన్లో నాకే వినపడింది ఆ పేలుడు.

ఎందుకిలా అంటే, మ్యూజిక్ వాయించే చిప్‌కి గేమ్ నేరుగా నోట్స్ రాసేస్తుంది, దానికి ఐఆర్‌క్యూ అక్కర్లేదు, డీఎంఏ అక్కర్లేదు. రికార్డు చేసిన సౌండ్ అట్టా కాదు, డీఎంఏ అనే దారిలో మెమరీ నుంచి కార్డుకి ముక్కలు ముక్కలుగా వెళ్తుంది, ఒక ముక్క అయిపోగానే కార్డు ఐఆర్‌క్యూ అనే కాలింగ్ బెల్ కొడుతుంది, అప్పుడు గేమ్ తర్వాతి ముక్క ఇస్తుంది. బెల్ 7వ నంబర్ ఇంట్లో మోగుతుంటే గేమ్ 5వ నంబర్ ఇంటి దగ్గర చెవి పెట్టుకుని కూర్చుంటే పని ఎట్టా జరుగుద్ది. కాబట్టి సౌండ్ మొదటి ముక్కే "డ-డ-డ-డ" అని మళ్లీ మళ్లీ వస్తుంటే ఐఆర్‌క్యూ తప్పని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. ఎఫెక్ట్స్ అసలే రాకపోయినా, సెటప్‌లో టెస్ట్ నొక్కగానే బిగుసుకుపోయినా డీఎంఏ నంబర్ కూడా చూడండి.

డాస్‌బాక్స్ మామూలుగా ఇచ్చే విలువలు ఎక్కడైనా రాసి పెట్టుకోండి: పోర్ట్ (అంటే కార్డు అడ్రస్) 220, ఐఆర్‌క్యూ 7, డీఎంఏ 1, హై డీఎంఏ 5, కార్డు సౌండ్ బ్లాస్టర్ 16. గుర్తు లేకపోతే డాస్‌బాక్స్‌లో సెట్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి, బ్లాస్టర్ అనే లైన్లో ఏ220 ఐ7 డి1 హెచ్5 టి6 అని కనపడుద్ది. ఇప్పుడు గేమ్ ఫోల్డర్లో సెటప్ గానీ, సెట్‌సౌండ్ గానీ, ఇన్‌స్టాల్ గానీ పేరున్న ప్రోగ్రాం వెతికి, డాస్‌బాక్స్ లోపలే దాన్ని నడిపి, ఇవే నంబర్లు ఇవ్వండి. పెన్‌డ్రైవ్‌లో ఎవరి దగ్గరో కాపీ చేసుకున్న గేమ్ అయితే ఈ పని తప్పనిసరి, ఎందుకంటే వాళ్ల పాత కంప్యూటర్లో ఉన్న సెట్టింగులు ఆ ఫోల్డర్తో పాటే వచ్చేస్తాయి, నిజం సౌండ్ బ్లాస్టర్ కార్డుల్లో ఐఆర్‌క్యూ 5 పెట్టుకోవడం మామూలే మరి. 1993 నాటి డూమ్‌లో అయితే ఇవన్నీ డిఫాల్ట్ అనే కాన్ఫిగ్ ఫైల్లో ఉంటాయి, దాన్ని నోట్‌ప్యాడ్లో తెరిస్తే పోర్ట్ దగ్గర 544 అని కనపడి కంగారు పుట్టిస్తుంది. అది తప్పేం కాదు, పోర్ట్ 220 అనేది 16 పునాది మీద రాసే అంకె, మామూలు లెక్కలోకి మారిస్తే 2×256 + 2×16, అంటే 544. దాన్ని 220 అని దిద్దొద్దు.

సెటప్‌లో మ్యూజిక్‌కి ఒక కార్డు, డిజిటల్ సౌండ్‌కి ఒక కార్డు అని రెండుసార్లు అడుగుతుంది చాలా గేమ్స్‌లో. మొదట రెండింటికీ సౌండ్ బ్లాస్టర్ అనే ఇవ్వండి, మ్యూజిక్ లిస్టులో అది లేకపోతే యాడ్‌లిబ్ ఇవ్వండి. గ్రావిస్ అల్ట్రాసౌండ్ జోలికి వెళ్లొద్దు, డాస్‌బాక్స్‌లో అది మామూలుగా ఆఫ్‌లో ఉంటది, దానికి విడిగా ఫైల్స్ కూడా పెట్టాలి. 1992 కంటే ముందు గేమ్ అయి, సౌండ్ బ్లాస్టర్ ప్రో స్టీరియో అడుగుతూ సరిగ్గా మోగకపోతే కాన్ఫిగ్‌లో ఎస్‌బీటైప్ దగ్గర ఎస్‌బీ16 తీసి ఎస్‌బీప్రో2 పెట్టండి. సౌండ్ బ్లాస్టర్ 16 అనేది 1992లోదే, ప్రో మోడల్ స్టీరియో పద్ధతి దానికి రాదు, నిజం కార్డులోనే రాదు కాబట్టి ఎమ్యులేటర్లో కూడా రాదు.

ఇంకోటి, ఒక గేమ్ ఆడి బయటికొచ్చి అదే విండోలో ఇంకో గేమ్ పెడితే సౌండ్ చిన్నగా వస్తుంటే, మొదటి గేమ్ కార్డు వాల్యూమ్ తగ్గించి వెళ్లిపోయి ఉంటది. డాస్‌బాక్స్ మూసి తెరిస్తే చాలు, మళ్లీ మళ్లీ అవుతుంటే ఎస్‌బీమిక్సర్ ఫాల్స్ చేయండి. మ్యూజిక్ మరీ ఎక్కువై ఎఫెక్ట్స్ వినపడకపోతే మిక్సర్ ఎఫ్ఎం 50 అని కమాండ్ ఇస్తే మ్యూజిక్ ఒక్కటే సగానికి తగ్గుద్ది.

ఇప్పుడు బరబర సంగతి. సౌండ్ వస్తోంది కానీ చిరిగిపోతూ, ఆగి ఆగి వస్తుంటే సౌండ్ సెట్టింగ్ తప్పు కాదు, ప్రాసెసర్ అందుకోలేకపోతోంది. డాస్‌బాక్స్ విండో పైన టైటిల్లో సైకిల్స్ అని ఒక అంకె ఉంటది, అది పాత సీపీయూ వేగం అనుకోవచ్చు. ఆటో అంటే పాత తరహా గేమ్స్‌కి 3000, ప్రొటెక్టెడ్ మోడ్ గేమ్స్‌కి, అదే మొదట్లో డాస్4జీడబ్ల్యూ అని ఒక లైన్ పడుద్దే అవి, వాటికి మాక్స్, అంటే మీ సీపీయూ మొత్తం పిండేస్తుంది. ఆడుతుండగా కంట్రోల్ ఎఫ్11 నొక్కితే తగ్గుద్ది, కంట్రోల్ ఎఫ్12 పెంచుద్ది. బరబర ఆగేదాకా తగ్గించండి, మరీ తగ్గిస్తే గేమ్ ఈడుస్తుంది, అప్పుడు కొంచెం పెంచండి. సరిపోయిన అంకె చూసుకుని కాన్ఫిగ్‌లో ఫిక్స్‌డ్ అని రాసి ఆ అంకె పెట్టేయండి, మాక్స్‌లో ఉంటే అక్కడ కనపడేది శాతం, దాన్ని మాత్రం రాయొద్దు, 486 ప్రాసెసర్ కాలం గేమ్స్‌కి 25000 దగ్గర మొదలుపెడితే బాగుంటది. ఇంకో చిక్కేంటంటే వేగం మరీ ఎక్కువైనా సమస్యే, కొన్ని గేమ్స్ కార్డు ఉందో లేదో చూసేటప్పుడు సీపీయూ వేగం మీద ఆధారపడి ఆగి చూస్తాయి, వేగం ఎక్కువైతే ఆగకుండా దాటేసి కార్డు లేదు పొమ్మంటాయి. టర్బో పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ టూల్‌తో రాసిన కొన్ని గేమ్స్ అయితే రన్‌టైమ్ ఎర్రర్ 200 అని ఇచ్చి తెరుచుకోకుండానే మూసుకుపోతాయి, మందు అదే, సైకిల్స్ తగ్గించి మొదలుపెట్టడం.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. రోహిణి కార్తెలో బెజవాడలో మధ్యాహ్నం పూట ల్యాప్‌టాప్ మంచం మీద పెట్టుకుని ఆడితే పొద్దున బాగా వచ్చిన సౌండే బరబరమంటది. వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, సైకిల్స్ మాక్స్‌లో ఉంటే ఆ దెబ్బ నేరుగా సౌండ్ మీద పడుద్ది. కింద గాలి పోయే దారి మూయకుండా టేబుల్ మీద పెట్టుకోండి, ఫ్యాన్ దగ్గర దుమ్ము క్లీన్ చేయించండి. కరెంటు పోయి బ్యాటరీ మీద నడిచేటప్పుడు కూడా ఇదే తంతు, పవర్ సేవింగ్ మోడ్‌లో విండోస్ వేగం తగ్గిస్తుంది. కాబట్టి అప్పుడప్పుడు మాత్రమే వచ్చే బరబరకి కాన్ఫిగ్ ఫైల్ కాదు, ఛార్జర్, వేడి చూడాలి.

సైకిల్స్ తగ్గించినా ఎక్కడో చిటపటలు మిగిలితే మిక్సర్ సెక్షన్లో ప్రీబఫర్ కాస్త పెంచండి, తర్వాత బ్లాక్‌సైజ్ 1024 తీసి 2048 పెట్టండి. కానీ ఇవి పెంచితే నొక్కినదానికీ సౌండ్‌కీ మధ్య ఆలస్యం పెరుగుద్ది, కాబట్టి కొంచెం కొంచెం. ఆలస్యం గురించే అయితే, బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌తో ఎగిరే గేమ్స్, కొట్టుకునే గేమ్స్ ఆడొద్దు. బ్లూటూత్‌లోనే ఆలస్యం ఉంటది, ఎమ్యులేటర్లో ఏం చేసినా పోదు. వైరున్న హెడ్‌ఫోన్ పెట్టుకుని చూశాక అప్పుడు సెట్టింగుల జోలికి వెళ్లండి.

సీడీ గేమ్స్‌లో మాటలు, ఎఫెక్ట్స్ అన్నీ వస్తూ పాటలు మాత్రం రాకపోతే మీ దగ్గర ఉన్న ఇమేజ్, అంటే సీడీని ఫైల్‌గా తీసిన కాపీ, ఏంటో చూడండి. ఐఎస్ఓ ఫైల్లో డేటా మాత్రమే ఉంటది, ఆడియో సీడీలో లాగా ఉండే పాటల ట్రాకులు అందులోకి రావు. క్యూ, బిన్ ఫైళ్లు రెండూ కలిపి తీసిన ఇమేజ్ కావాలి, ఐఎంజీమౌంట్ కమాండ్‌కి క్యూ ఫైల్ పేరు ఇవ్వాలి. సొంత సీడీ ఉంటే మళ్లీ ఆ పద్ధతిలో ఇమేజ్ తీసుకోండి, ఇంకో దారి లేదు. మిడి అయితే విండోస్‌లో లోపలే ఒక సింథ్ ఉంటది కాబట్టి జనరల్ మిడి, పోర్ట్ 330 అని ఇస్తే మోగుద్ది. లైనక్స్‌లో అట్టా మోగదు, ఫ్లూయిడ్‌సింథ్ లాంటి సింథ్ ప్రోగ్రాం విడిగా నడపాలి, అది తలనొప్పి అనుకుంటే డాస్‌బాక్స్ స్టేజింగ్ అనే ఇంకో రకం డాస్‌బాక్స్ వాడండి, అందులో అది కలిసే వస్తుంది, ఒక సౌండ్‌ఫాంట్, అంటే వాయిద్యాల సౌండ్లుండే ఫైల్, ఇస్తే సరిపోద్ది. మ్యూజిక్ వస్తోంది గానీ వాయిద్యాలు తలాతోకా లేకుండా ఉంటే సెటప్‌లో రోలాండ్ ఎంటీ-32 ఎంచుకుని ఉంటారు, జనరల్ మిడికి మార్చండి, రెండింటిలో వాయిద్యాల వరస వేరు.

కీస్ దగ్గరికొద్దాం. పైన చెప్పిన కంట్రోల్ ఎఫ్11 లాంటివి కొత్త ల్యాప్‌టాప్‌లలో నొక్కితే వాల్యూమో బ్రైట్‌నెస్సో మారుద్ది, అప్పుడు ఎఫ్ఎన్ కీ కూడా కలిపి నొక్కాలి. కంట్రోల్ ఎఫ్9 మాత్రం జాగ్రత్త, డాస్‌బాక్స్‌ని ఒక్క దెబ్బకి మూసేస్తుంది, సేవ్ చేసుకున్నారా అని అడగదు. షిఫ్ట్‌తో పరిగెత్తే గేమ్స్‌లో ఐదుసార్లు గబగబా నొక్కితే విండోస్ స్టిక్కీ కీస్ బాక్స్ వచ్చి పడుద్ది, సెట్టింగ్స్‌లో దాని షార్ట్‌కట్ తీసేయండి. మనలాగా కంప్యూటర్లో తెలుగు టైప్ చేసేవాళ్లకి ఇంకోటి, ఆల్ట్ షిఫ్ట్ కలిపి నొక్కితే కీబోర్డు భాష మారిపోద్ది, ఆల్ట్‌తో ఎగిరి షిఫ్ట్‌తో పరిగెత్తే గేమ్‌లో అది తప్పకుండా జరుగుద్ది. ఆడే ముందు ఇంగ్లీషులో పెట్టి, భాష మార్చే ఆ షార్ట్‌కట్‌ని ఆఫ్ చేసుకోండి, డాస్‌బాక్స్‌లో కీబోర్డ్‌లేఅవుట్ ఆటో తీసి యూఎస్ పెట్టండి. లైనక్స్‌లో బాణం కీస్ పని చేయకపోయినా, ఒకటి నొక్కితే ఇంకోటి పడినా యూజ్‌స్కాన్‌కోడ్స్ అనేది ఫాల్స్ చేస్తే చాలాసార్లు కుదురుకుంటుంది.

ఎడమ బాణం, పై బాణం, స్పేస్ మూడూ కలిపి నొక్కితే మూడోది పడట్లేదంటే అది ఎమ్యులేటర్ తప్పు కాదు. చవక కీబోర్డుల్లో వైరింగే అట్టా ఉంటది, కొన్ని కీస్ మూడేసి కలిపి నొక్కితే దానికి కనపడవు. ఏలూరు రోడ్డు మీద కొత్త కీబోర్డు కొనే ముందు కీని మార్చి చూడండి. కంట్రోల్ ఎఫ్1 నొక్కితే మ్యాపర్ అని కీబోర్డు బొమ్మ వస్తుంది, గేమ్‌కి కావాల్సిన కీ మీద మౌస్‌తో క్లిక్ చేసి, యాడ్ నొక్కి, మీరు నొక్కాలనుకునే కీ నొక్కండి, సేవ్, ఎగ్జిట్. ఉదాహరణకి స్పేస్ పని ఎడమ షిఫ్ట్‌కి ఇచ్చారనుకోండి, షిఫ్ట్ నొక్కితే స్పేసూ పడుద్ది, షిఫ్టూ పడుద్ది, ఎందుకంటే దాని సొంత పని అట్టాగే ఉంది. మ్యాపర్లో షిఫ్ట్ బొమ్మ మీద క్లిక్ చేసి డెల్ నొక్కి దాన్ని తీసేయాలి. ఈ రెండో సగం ఎవరూ చెయ్యరు, చెయ్యకుండా మ్యాపర్ పని చెయ్యట్లేదంటారు.

గేమ్‌ప్యాడ్ ఉంటే డాస్‌బాక్స్ తెరవకముందే పెట్టాలి, మధ్యలో పెడితే కనపడదు. ప్యాడ్ మీద అనలాగ్ అని ఎర్ర లైటు బటన్ ఉంటది కదా, లైటు వెలిగితే ఒక రకంగా, ఆరితే ఒక రకంగా సిగ్నల్ ఇస్తుంది, నాలుగు దిక్కుల ప్లస్ బటన్ పని చెయ్యకపోతే ముందు ఆ లైటు మార్చి చూడండి. ప్రిన్స్‌లో అయితే కంట్రోల్ జె కొడితే జాయ్‌స్టిక్, కంట్రోల్ కె కొడితే మళ్లీ కీబోర్డు. పాత జాయ్‌స్టిక్ పోర్టులో కర్ర ఎటు వంగిందో గేమ్ టైం కొలిచి తెలుసుకునేది, అందుకే ఎమ్యులేటర్లో కూడా బొమ్మ దానంతటదే ఒక పక్కకి జారిపోవడం ఉంటది. అప్పుడు జాయ్‌స్టిక్ సెక్షన్లో టైమ్డ్ ఫాల్స్ చేసి, గేమ్‌లో మళ్లీ క్యాలిబ్రేట్ చేయండి. నన్నడిగితే మాత్రం ఇదంతా వద్దు, గేమ్‌లో కీబోర్డే ఎంచుకుని, మ్యాపర్లో బాణం కీస్‌కీ కంట్రోల్‌కీ ప్యాడ్ బటన్లు యాడ్ చేసుకుంటే క్యాలిబ్రేషన్ గొడవే ఉండదు. జాయ్‌స్టిక్‌టైప్ ఆటోలోనే ఉంచండి, నన్ అని పెడితే మ్యాపర్‌కి కూడా ప్యాడ్ కనపడదు. మౌస్ విండోలో ఇరుక్కుపోతే కంట్రోల్ ఎఫ్10, మరీ పరిగెడుతుంటే సెన్సిటివిటీ 100 నుంచి 50కి తగ్గించండి.

అన్నీ కుదిరాక ఆ కాన్ఫిగ్ ఫైల్‌ని ఆ గేమ్ పేరుతోనే కాపీ చేసి గేమ్ ఫోల్డర్లో పెట్టుకోండి, చివర్లో ఆటోఎగ్జెక్ సెక్షన్లో మౌంట్ లైన్, అంటే గేమ్ ఫోల్డర్‌ని డాస్‌బాక్స్‌కి డ్రైవ్‌గా చూపించేది, గేమ్ నడిపే లైన్ రాసేయండి. డెస్క్‌టాప్ షార్ట్‌కట్‌లో డాస్‌బాక్స్ తర్వాత కాన్ఫ్ అనే ఆప్షన్ ఇచ్చి ఆ ఫైల్ దారి ఇస్తే ఆ గేమ్ దాని సెట్టింగులతోనే తెరుచుకుంటది. ఒక గేమ్‌కి ఫిక్స్‌డ్ అని పెట్టిన అంకె ఇంకోదానికి కుదరకపోవచ్చు కాబట్టి గేమ్‌కో ఫైల్ ఉంచుకోండి, మ్యాపర్ ఫైల్ కూడా అట్టాగే విడిగా పెట్టి దాని పేరు కాన్ఫిగ్‌లో మ్యాపర్‌ఫైల్ లైన్లో ఇవ్వండి.